ఎస్‌ఎస్‌ఎన్ రాకముందే పనిలో చేరొచ్చా? అమెరికాలో మొదటి ఉద్యోగానికి ఏది ముందు, ఏది తర్వాత

ఆగస్టులో అమెరికాలో దిగిన మనవాళ్లకు సెప్టెంబరుకల్లా ఈ చిక్కు ఎదురవుతుంది. క్యాంపస్‌లో డైనింగ్ హాల్లోనో, లైబ్రరీలోనో చిన్న పని దొరుకుతుంది. ఆన్‌లైన్ అప్లికేషన్ తొమ్మిది అంకెల సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్) అడుగుతుంది. సరే, తెచ్చుకుందామని ఆ ఆఫీసుకు వెళ్తే, ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం ఏదంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది.

నిజానికి ఇందులో ముడి ఏమీ లేదు. నంబరు లేకుండా ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఆఫర్ తీసుకోవచ్చు, పనిలో చేరొచ్చు. నంబరుకు అప్లై చేసి ఎదురుచూస్తూ పనిచేసుకోవచ్చని సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషనే (ఎస్‌ఎస్‌ఏ) చెబుతుంది. ఉండి తీరాల్సింది నంబరు కాదు, పని చేయడానికి అనుమతి. అనుమతి హోంలాండ్ సెక్యూరిటీ శాఖ నుంచి వస్తుంది. నంబరు ఎస్‌ఎస్‌ఏ ఇస్తుంది. 1936లో ఈ నంబర్లు మొదలుపెట్టింది ఎవరి సంపాదన ఎంతో పింఛను ఖాతాలో రాసుకోవడానికి. తర్వాత బ్యాంకులు, అద్దె ఇళ్లవాళ్లు, ఫోన్ కంపెనీలు అందరూ దాన్నే అడగడం మొదలుపెట్టారు కాబట్టి, అది లేకపోతే మనిషే లేనట్టు అనిపిస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింది వరస తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు మీ అనుమతి ఎక్కడుందో చూసుకోండి

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుతున్నవాళ్లకు క్యాంపస్ పనికి విడిగా కార్డేమీ అక్కర్లేదు. ఆ స్టేటస్‌లోనే అనుమతి ఉంది. క్లాసులు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. సీపీటీ (చదువులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్ లాంటి పని) అయితే అనుమతి మీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) రెండో పేజీలో, కంపెనీ పేరుతో, తేదీలతో సహా అచ్చయి ఉండాలి. ఓపీటీ (మామూలుగా చదువయ్యాక అదే రంగంలో చేసే ఉద్యోగం) అయితే ఈఏడీ అనే పని అనుమతి కార్డు చేతికి రావాలి, దాని మీద వేసిన మొదలు తేదీ కూడా రావాలి.

హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకు ఆ వీసా తెచ్చిన కంపెనీలో చేయడానికి మాత్రమే అనుమతి. వాళ్ల భార్య లేదా భర్తకు, అంటే హెచ్-4 వాళ్లకు, ఈఏడీ ఉంటేనే పని. హెచ్-1బీ ఉన్నవాళ్ల గ్రీన్‌కార్డు ప్రాసెస్ ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం దాకా వెళ్లి ఉంటే వాళ్ల హెచ్-4 జంటకు ఈఏడీ ఇచ్చే నియమం 2015 నుంచి ఉంది. కంపెనీ బదిలీ (ఎల్-1) వీసా మీద వచ్చినవాళ్ల ఎల్-2 జీవిత భాగస్వాములది ఇంకా సులువు. ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు) మీద ‘ఎల్-2ఎస్’ అని ఉంటే అదే అనుమతి, ఈఏడీ అక్కర్లేదు. ఎఫ్-2 వాళ్లకు, అంటే ఎఫ్-1 విద్యార్థుల భార్య, భర్త, పిల్లలకు, మాత్రం ఏ దారీ లేదు. జీతం వచ్చే పని చేయకూడదు, కాబట్టి ఉద్యోగం పేరుతో నంబరూ రాదు.

ఇక్కడే ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. “నంబరు అక్కర్లేదు, క్యాష్ ఇస్తాం” అని పిలిచే గ్యాస్ స్టేషన్లు, రెస్టారెంట్లు, ఇండియన్ స్టోర్లు ఊరికి ఒకటైనా ఉంటాయి. అక్కడ సమస్య నంబరు లేకపోవడం కాదు, అనుమతి లేకపోవడం. మీకు నంబరు ఉన్నా సరే, ఎఫ్-1 మీద క్యాంపస్ బయట అనుమతి లేకుండా చేస్తే స్టేటస్ పోతుంది. రేపు హెచ్-1బీకో, గ్రీన్‌కార్డుకో వెళ్లినప్పుడు అదే అడ్డం తిరుగుతుంది. రూమ్మేట్ నంబరు వాడుకుని చేయడం ఇంకా ఘోరం, అది నేరమే. నంబరు ఇచ్చినవాళ్లూ ఇరుక్కుంటారు, వాడుకున్నవాళ్లూ ఇరుక్కుంటారు.

అప్లికేషన్లో నంబరు అడిగితే

ఆ గడి వదిలేయండి. సిస్టమ్ వదలనివ్వకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి ఏం రాయాలో అడగండి. చాలాచోట్ల అన్నీ సున్నాలు కొట్టమంటారు. సున్నా సున్నా సున్నాతో మొదలయ్యే నంబరు ఎవరికీ ఇవ్వరు, కాబట్టి దానితో ఎవరికీ ఇబ్బంది రాదు. నోటికొచ్చిన తొమ్మిది అంకెలు మాత్రం కొట్టొద్దు. అది ఇంకెవరిదో అయి ఉండొచ్చు.

ఇంటర్వ్యూలో నంబరు ఉందా అని అడిగితే “పని చేయడానికి అనుమతి ఉంది, నంబరుకు అప్లై చేస్తున్నాను” అని చెప్పండి. అంతకన్నా సంజాయిషీ అక్కర్లేదు.

చేరే రోజు: ఐ-9 ఫారం

అమెరికాలో ఎవరు ఏ ఉద్యోగంలో చేరినా, అక్కడ పుట్టినవాళ్లయినా సరే, పని అనుమతి తనిఖీకి ఐ-9 నింపాలి. మొదటి భాగం మీరు, పనిలో చేరిన మొదటి రోజులోగా. రెండో భాగం కంపెనీ, మీరు చేరాక మూడు పనిదినాల్లోగా, మీ అసలు కాగితాలు చూసి.

మొదటి భాగంలో సోషల్ సెక్యూరిటీ నంబరు గడి ఉంది. కంపెనీ ఈ-వెరిఫైలో (పని అనుమతిని ఆన్‌లైన్లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉంటే తప్ప దాన్ని నింపడం తప్పనిసరి కాదు. ఈ-వెరిఫైలో ఉన్నా, మీరు నంబరుకు అప్లై చేసి ఎదురుచూస్తుంటే, అది వచ్చేదాకా వాళ్లు ఆ తనిఖీని వాయిదా వేయాలి. ఈలోపు మిమ్మల్ని పని చేయనివ్వాలి. స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి కోర్సులవాళ్లకు ఓపీటీ పొడిగింపు) వాళ్ల కంపెనీ ఈ-వెరిఫైలో ఉండి తీరాలి కాబట్టి ఈ నియమం మనవాళ్లకు తరచూ అవసరపడుతుంది. అయితే స్టెమ్ ఓపీటీ దాకా వచ్చినవాళ్లలో నంబరు లేనివాళ్లు అరుదు.

ఏ కాగితాలు చూపించాలో ఎంచుకునే హక్కు మీది. ఐ-9తో పాటు ఆమోదించే కాగితాల పట్టికలు మూడు ఇస్తారు: ఏ, బీ, సీ. ఏ పట్టికలోది చూపిస్తే ఇక వేరేదేమీ అక్కర్లేదు. క్యాంపస్ పనికి మన పాస్‌పోర్టు, ఐ-94, వాటికి తోడు ఐ-20. సీపీటీకి అవే, అనుమతి అచ్చయిన ఐ-20తో. ఓపీటీకి ఒక్క ఈఏడీ కార్డు చాలు. హెచ్-1బీకి పాస్‌పోర్టు, ఐ-94.

“అవన్నీ కాదు, సోషల్ సెక్యూరిటీ కార్డే కావాలి” అని ఎవరైనా పట్టుబడితే వాళ్లకు నియమం తెలియదని అర్థం. ఒక తమాషా ఉంది. మనకు వచ్చే కార్డు మీద ‘హోంలాండ్ సెక్యూరిటీ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుంది’ అనే అర్థం వచ్చే వాక్యం అచ్చయి ఉంటుంది. ఆ వాక్యం ఉన్న కార్డు ఐ-9కు చెల్లదు. అంటే వాళ్లు పట్టుబట్టి అడిగే కార్డు, మీరు తెచ్చి ఇచ్చినా వాళ్ల పనికి రాదు! మర్యాదగా ఐ-9 సూచనల పేజీ తెరిచి ఏ పట్టిక చూపించండి. చాలామంది అక్కడికే సర్దుకుంటారు. సర్దుకోకపోతే, ఇలాంటి వివక్ష ఫిర్యాదులు వినడానికే అమెరికా న్యాయశాఖలో ఇమిగ్రెంట్ అండ్ ఎంప్లాయీ రైట్స్ సెక్షన్ ఉంది. ఉద్యోగులు ఫోన్ చేసి అడగొచ్చు.

నంబరుకు అప్లై చేయడం

తొందరపడి దిగిన మర్నాడే వెళ్లకండి. వచ్చాక పది రోజులు ఆగమని ఎస్‌ఎస్‌ఏ చెబుతుంది, ఎందుకంటే మీ వివరాలు హోంలాండ్ సెక్యూరిటీ రికార్డుల్లోకి ఎక్కాలి. విద్యార్థులు ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్ చేసి, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డుల వ్యవస్థ) రికార్డు యాక్టివ్ అయ్యాక మరో రెండు మూడు రోజులు చూసి వెళ్లడం మంచిది. ముందే వెళ్తే కౌంటర్ దగ్గర అప్లికేషన్ తీసుకుంటారు గానీ, అది వెరిఫికేషన్‌లో ఇరుక్కుని వారాల తరబడి కదలదు.

క్యాంపస్ పనికి పట్టుకెళ్లాల్సినవి ఇవి: పాస్‌పోర్టు, ఐ-94 ప్రింటు, ఐ-20, ఉద్యోగం ఇచ్చిన డిపార్ట్‌మెంట్ ఉత్తరం, దాని ఆధారంగా ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఇచ్చే ఉత్తరం. డిపార్ట్‌మెంట్ ఉత్తరంలో పని ఏమిటో, ఎప్పుడు మొదలో, వారానికి ఎన్ని గంటలో, సూపర్‌వైజర్ పేరు, ఫోన్, హోదా, సంతకం, యూనివర్సిటీ ఈఐఎన్ (యజమాని పన్ను నంబరు) ఉండాలి. ఈ చివరిది మర్చిపోయి జనం వెనక్కి వస్తుంటారు. ఉత్తరం చేతికి రాగానే అక్కడే నిలబడి ఒకసారి చదవండి. ఉద్యోగం మొదలు తేదీకి 30 రోజుల కన్నా ముందు వెళ్తే తీసుకోరు.

సీపీటీ వాళ్లకు డీఎస్‌ఓ ఉత్తరం అక్కర్లేదు, అనుమతి ఉన్న ఐ-20 చాలు. ఓపీటీ వాళ్లకు, హెచ్-4 వాళ్లకు ఈఏడీ. హెచ్-1బీ, ఎల్-2ఎస్ వాళ్లకు పాస్‌పోర్టు, ఐ-94. అన్నీ అసలువే పట్టుకెళ్లాలి. జిరాక్సులు, నోటరీ చేయించినవి పనికిరావు.

ఈఏడీకి వేసే ఐ-765 ఫారంలోనే ‘సోషల్ సెక్యూరిటీ కార్డు కూడా కావాలా’ అని అడుగుతుంది. అవునని పెట్టండి, నష్టం లేదు. కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఈఏడీ వచ్చి రెండు వారాలైనా కార్డు రాకపోతే ఈఏడీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోండి.

ఫారం పేరు ఎస్‌ఎస్‌-5. ఎస్‌ఎస్‌ఏ సైట్లో మొదలుపెట్టి, అపాయింట్‌మెంట్ తీసుకుని ఆఫీసులో పూర్తి చేయొచ్చు. దీనికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బులు తీసుకుని నంబరు ‘ఇప్పిస్తాం’ అంటే దండం పెట్టి వచ్చేయండి.

ఫారం చిన్నదే, కానీ మనవాళ్లు తడబడేది కొన్ని గళ్ల దగ్గరే. మొదటిది పేరు. మన ఇంటిపేర్లు పొడుగు, పేర్లు రెండు మూడు ముక్కలు. కార్డు మీద పేరుకు 26 అక్షరాలు, ఇంటిపేరుకు 26 అక్షరాలు పడతాయి, కాబట్టి చాలావరకు ఇబ్బంది లేదు. అసలు గొడవ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లది. వాళ్లకు వీసా మీద అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. ఆఫీసుకు బయల్దేరే ముందే పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 పక్కపక్కన పెట్టి స్పెల్లింగ్, వరస, పుట్టినతేదీ సరిపోల్చండి. ఐ-20లో తప్పుంటే డీఎస్‌ఓ దిద్దుతారు. ఐ-94లో తప్పుంటే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దించుకోవాలి. నంబరు వచ్చాక దిద్దడం కన్నా ఇది నయం.

రెండోది తేదీ. వాళ్లకు నెల ముందు, రోజు తర్వాత. ఆగస్టు 5న పుట్టినవాళ్లు అలవాటుగా 05/08 అని రాస్తే మే 8న పుట్టినట్టవుతుంది.

మూడోది తల్లి పేరు. అక్కడ అడిగేది ఆవిడ పుట్టినప్పటి పేరు, అంటే పుట్టింటి ఇంటిపేరుతో. అమ్మకు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. తల్లిదండ్రుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు అడిగే చోట ‘తెలియదు’ అన్న గడి టిక్ పెట్టండి. పౌరసత్వం దగ్గర ‘పని చేయడానికి అనుమతి ఉన్న విదేశీయులు’ అనే గడి మీది.

ఇక చిరునామా. అపార్ట్‌మెంట్ నంబరు తప్పకుండా రాయండి. ఒక ఫ్లాట్‌లో అయిదారుగురు ఉంటారు, మెయిల్‌బాక్స్ మీద రెండేళ్ల క్రితం ఖాళీ చేసి వెళ్లిన సీనియర్ల పేర్లు ఉంటాయి. బాక్స్ మీద పేరు లేకపోతే కవరు వెనక్కి పంపేసే పోస్టుమ్యాన్లు ఉన్నారు. అప్లై చేసిన రోజే మీ పేరు చీటీ మీద రాసి బాక్స్ లోపల అంటించండి. త్వరలో ఇల్లు మారబోతుంటే నమ్మకమైన స్నేహితుల చిరునామా వారి పేరుతో సహా ఇవ్వండి.

కౌంటర్ దగ్గర పని అయ్యాక రసీదు ఇస్తారు. జాగ్రత్తగా దాచుకోండి. వెరిఫికేషన్ చిక్కులేమీ లేకపోతే కార్డు దాదాపు రెండు వారాల్లో పోస్టులో వస్తుంది.

కార్డు వచ్చేలోపు జీతం సంగతి

ఆ రసీదు ఫోటో పేరోల్ వాళ్లకు పంపండి. పన్ను కోతకు నింపే డబ్ల్యూ-4లో నంబరు ఖాళీ వదిలి, వచ్చాక చెప్పండి. అదే ఫారంలో ఎఫ్-1 వాళ్లు నాలుగో అంచె కింద ‘ఎన్‌ఆర్‌ఏ’ (నాన్‌రెసిడెంట్ ఏలియన్) అని రాయాలి, సింగిల్ అనే పెట్టాలి, పెళ్లయినవాళ్లయినా సరే. ఏడాది చివర జీతం, పన్ను కోతల లెక్క చూపే డబ్ల్యూ-2 ఇచ్చే నాటికి కూడా నంబరు రాకపోతే ‘అప్లై చేశారు’ అని రాసి, తర్వాత సవరించే వీలు కంపెనీకి ఉంది. కాబట్టి నంబరు లేదని చేసిన పనికి జీతం ఆపడం సరికాదు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవట్లేదంటే పేపర్ చెక్కు అడగండి. బ్యాంకు ఖాతా కూడా నంబరు లేకుండానే పాస్‌పోర్టు మీద చాలా బ్యాంకులు తెరుస్తాయి.

వచ్చాక ఎవరికి చెప్పాలి

కార్డు చూడగానే నంబరు కంఠతా పట్టి, కార్డును పెట్టెలో పెట్టేయండి. పర్సులో పెట్టుకు తిరగొద్దు, లామినేషన్ చేయించొద్దు. నంబరు జీవితాంతం ఒకటే. వీసా మారినా, ఇండియా వెళ్లి మళ్లీ వచ్చినా అదే. గ్రీన్‌కార్డు వచ్చాక ఎస్‌ఎస్‌ఏలో చెబితే ఆ ‘అనుమతి ఉంటేనే’ వాక్యం లేని కొత్త కార్డు ఇస్తారు.

చేరిన కంపెనీకి, బ్యాంకుకు, పన్ను రిటర్నుకు ఇవ్వక తప్పదు. జాగ్రత్తపడాల్సింది కన్సల్టెన్సీల దగ్గర. ఓపీటీ మొదలవగానే రోజూ రిక్రూటర్ల ఫోన్లు. “క్లయింట్‌కు సబ్మిట్ చేయాలి, ఎస్‌ఎస్‌ఎన్ చివరి నాలుగు అంకెలు, పుట్టినతేదీ, వీసా కాపీ పంపండి” అంటారు. ఉద్యోగం ఖాయం కాకముందు అవి ఇవ్వాల్సిన అవసరమే లేదు. మీ పేరును క్లయింట్‌కు పంపే హక్కు వాళ్లకిస్తున్నట్టు మెయిల్‌లో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఆఫర్ వచ్చాక జరుగుతుంది, అప్పుడు ఆ కంపెనీ పోర్టల్లో మీరే నింపుతారు. వాట్సాప్‌లో కార్డు ఫోటో పంపడం ఎవరికీ వద్దు, ఎంత తెలిసినవాళ్లయినా.

“మీ సోషల్ సెక్యూరిటీ నంబరు సస్పెండ్ అయింది, అరెస్టు వారెంటు వచ్చింది” అని ఫోన్ వస్తే పెట్టేయండి. నంబరు సస్పెండ్ అవడమనేదే లేదు. మీ నంబరుతో ఇంకొకరు ఉద్యోగంలో చేరతారేమోనని భయముంటే మై-ఈ-వెరిఫై సైట్లో సెల్ఫ్ లాక్ పెట్టుకోవచ్చు. కొత్త కంపెనీలో చేరేటప్పుడు తీసేయడం గుర్తుంచుకోండి.

అసలు నంబరు రానివాళ్లు

పన్ను రిటర్నులో చూపించడానికి డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ అనే పన్ను నంబరు తెచ్చుకోవచ్చు. అది 9తో మొదలవుతుంది, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇస్తుంది. దానితో ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ లైసెన్సుకు నంబరు అడిగే రాష్ట్రాల్లో, ఎస్‌ఎస్‌ఏ ఆఫీసుకు వెళ్లి ‘మీకు నంబరుకు అర్హత లేదు’ అని రాసిచ్చే ఎల్-676 ఉత్తరం తెచ్చుకుంటే చాలావరకు సరిపోతుంది.

మొదటి పే స్టబ్ (జీతం చీటీ) చదవండి

నంబరు వచ్చింది కదా అని పేరోల్ వాళ్లు సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోసేస్తుంటారు. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉన్నంతకాలం ఎఫ్-1 వాళ్లకు ఈ కోత లేదు, ఓపీటీలో కూడా. మామూలుగా అది మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు. సంవత్సరంలో ఒక్కరోజు ఉన్నా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. 2023 ఆగస్టులో వచ్చినవాళ్లకు 2027 డిసెంబరు దాకా మినహాయింపు. మధ్యలో హెచ్-1బీకి మారితే ఆ రోజు నుంచే కోత మొదలు. తప్పుగా కోశారని కనిపిస్తే ముందు పేరోల్‌కు మెయిల్ పెట్టండి, వాళ్లే తిరిగివ్వగలరు. ఇవ్వబోమంటే ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకుని, ఐఆర్‌ఎస్‌కు 843, 8316 ఫారాలు వేసుకోవాలి.